అందరివీ అయ్యాక పెట్టమన్నాను

అరకులో బస్సులు ఆగే చోటికి ఎదురుగా ఎరువుల కొట్టు ఉంది. దాని మేడ మీద పెద్ద హాలు. పట్నం కంపెనీ ఒకటి ఆ హాలు తీసుకుని, కొండల మీద చదువుకున్న ఆడపిల్లల్ని నలుగుర్ని తెచ్చి కంప్యూటర్ల ముందు కూర్చోబెట్టింది. ఫోన్లలో వాడే యాప్‌లు చేయించడానికి. పని చూపించడానికి పట్నం నుంచి ఒక సారుని కూడా పంపింది. నేను అక్కడ వంటమనిషిని. పొద్దున్నే మా ఊర్నుంచి జీపులో దిగి, హాలు తుడిచి, మెట్ల కింద పొయ్యి ముట్టించి, అన్నం పప్పు వండి పైకి మోసేదాన్ని. ఆ నలుగురిలో ఒకర్తి నా కూతురు.

నాకు సంతకం వరకే వచ్చు. ఇది నేను చెప్తంటే మా ఊరి అంగన్‌వాడీ టీచరు రాస్తంది. మధ్యమధ్యలో "అలా కాదమ్మా, ఇలా అనాలి" అంటాది. కొన్ని ఒప్పుకున్నాను, కొన్ని ఒప్పుకోలేదు.

నా మొగుడు పోయేసరికి నా గుంటకి, అదే ఈ కూతురికి, ఏడేళ్ళు. ఆశ్రమ పాఠశాలలో వేసేను. అక్కణ్ణుంచి హాస్టలు, హాస్టల్నుంచి డిగ్రీ. కంప్యూటర్ల డిగ్రీ. మా ఊర్లో అంత చదివిన ఆడది లేదు. చదివేక రెండేళ్ళు ఇంట్లోనే ఉంది. నాతోపాటు కాఫీ తోటలో పళ్ళు కోసింది, చోడి చేలో కలుపు తీసింది. అప్పుడు ఈ కంపెనీ వచ్చింది. చెప్పిన రోజుకి ఎవరి యాప్ నిలబడితే వాళ్ళకి విశాఖపట్నం ఆఫీసులో ఉద్యోగం. నలుగురివీ నిలబడితే నలుగురికీ. ఒకరిని తోసి ఒకరు ఎక్కక్కర్లేదు. నిలబడనివాళ్ళు ఇంటికి. నా గుంట తోటలోంచి బయటపడ్డానికి ఉన్న దారి అదొక్కటే. ఇది కాకపోతే ఇంకోటి వస్తాదిలే అనుకోడానికి మాకు ఏదీ లేదు.

మొదటి పదిరోజులూ వాళ్ళు ఏ యాపూ చెయ్యలేదు. పని మొదలెట్టడానికి చోటు కట్టుకోడమే పని. నాకు అంతు పట్టలేదు. ఆదివారం పూట వాకిట్లో కాఫీ పళ్ళు ఆరబోస్తా అడిగేను.

"ఏటే, పదిరోజులై ఏటి సేత్తన్నారే మీరు? ఆ సార్ని అడిగితే సెటప్ అమ్మా, సెటప్ అమ్మా అంటాడు."

అది నవ్వింది. "అమ్మా, మన పోడు కొండ ఉంది కదా. కొండ ఒకటే. అందులో మన చెక్క వేరు, చిన్నాన్నోళ్ళ చెక్క వేరు. దారీ, ఊటా మాత్రం అందరివీ. ఇదీ అంతే. ఒకటే పెద్ద ఫోల్డరు. అందులో మా నలుగురి యాప్‌లకీ నాలుగు చోట్లు. మధ్యలో ఒక చోటు అందరిదీ. అక్షరాలు, రంగులు, నొక్కే బొత్తాలు అక్కడ పెడతాం. ఒకరు చేస్తే నలుగురూ వాడుకోవచ్చు."

"ఆ కొండ ఎక్కడున్నాది?"

"పట్నంలో. ఇంటర్‌నెట్‌లో. మా కంప్యూటర్లలో దాని నకళ్ళుంటాయి. ఇక్కడ చేసుకున్నది అక్కడికి పంపితే అందరికీ కనిపిస్తాది. పంపకపోతే మన దగ్గరే ఉండిపోతాది."

ఆ ఆఖరి మాట నేను విన్నాను. అర్థం కాలేదని ఇప్పుడు అనలేను.

మిగతా ముగ్గుర్లో ఒకర్తిది కురుపాం, ఒకర్తిది అడ్డతీగల, ఒకర్తిది కొయ్యూరు. కొయ్యూరు గుంటకి నోరెక్కువ. అన్నం పెట్టించుకుంటా నాకు పాఠాలు చెప్పేది.

"పిన్నీ, ఫోన్లు రెండు రకాలు. మనవి ఒక రకం. పండు బొమ్మ ఉంటాది చూడు, టూరిస్టుల దగ్గర, అది ఇంకో రకం. ఎనకటికి రెండింటికీ రెండు సార్లు రాసేవోరంట. ఇప్పుడు ఒక్కసారి రాస్తే రెండిట్లోనూ నడుస్తాది. ఒకే పిండితో అట్టూ ఏసుకోవచ్చు, ఇడ్లీ ఏసుకోవచ్చు. అలాగ."

"ఏ పిండే అది? నేను ఇడ్లీ పిండితో అట్టేస్తే మీ సారు ముక్కు ఇరిసేడు."

"సారుదేముంది పిన్నీ, ఆయన పట్నపోడు. పెనానికి అంటుకుంటే పిండినే తిడతాడు."

పక్కన కూర్చుని సారు కూడా నవ్వేడు. మంచివాడే. పాతికేళ్ళుంటాయి. తిన్న పళ్ళెం తనే కడుక్కునేవాడు.

ఆ చోటు కట్టుకోడం మాటలు కాదు. నాలుగు కంప్యూటర్లలోనూ అన్నీ ఒకేలా ఉండాలంట. ఒకదాంట్లో కొత్తదీ ఇంకోదాంట్లో పాతదీ ఉంటే కదలదంట. ఏవేవో సామాను ఇంటర్‌నెట్‌లోంచి దిగాలి. సగం దిగేక కరెంటు పోయేది. కరెంటొస్తే నెట్టు పోయేది. వానకి కొండల్లో టవరు ఎప్పుడుంటాదో ఎప్పుడు పోతాదో మీకు తెలిసిందే. మా గుంటది ముందు నిలబడింది. అది ఊరుకోలేదు. కురుపాం గుంట కుర్చీ దగ్గరికెళ్ళి కూర్చుని దానిది నిలబెట్టింది. అడ్డతీగల గుంట ఏడుస్తంటే లేపి, దాని కంప్యూటరు ముందు ఒక పూటంతా కూర్చుంది. కొయ్యూరు గుంటదైతే సగం నా గుంటే కొట్టింది. ఆళ్ళ కంప్యూటర్లో కొడితే ఆళ్ళ పేరు మీదే పడుతుందని దానికి తెలుసు. మా ఊర్లో ఒకరి చేనుకి ఇంకొకరు సాయం వెళ్ళడం ఉన్నదే. ఎవరెంత కలుపు తీసేరో గట్టు మీద రాసిపెట్టుకోం.

చోటు కట్టడం అయ్యేక సారు పట్నం వెళ్ళిపోయేడు. వెళ్ళేముందు చెప్పేడు, నేను గిన్నెలు తీస్తంటే విన్నాను. "రోజూ సాయంత్రం చేసినంత పంపెయ్యండి. అయినా అవకపోయినా పంపెయ్యండి. మూడు వారాలు. ఆఖరి రోజు నేనొస్తాను, నాలుగు గంటలకి పట్నం వాళ్ళకి చూపించాలి."

మా గుంట చేసేది కాఫీ రైతుల యాప్. చదువురాని వాళ్ళ కోసం బొమ్మలు పెట్టింది. పండు బొమ్మ మీద నొక్కితే మాట్లాడాలి. ఎవరి గొంతు పెట్టేది? నాది పెట్టింది. నా గొంతు పొయ్యి పొగకి గరగరలాడతాది. నేనొద్దన్నాను. "మన తోటల్లోవాళ్ళకి మన గొంతే నమ్మకం అమ్మా" అంది. ఫోను నా నోటి దగ్గర పెట్టి, "ఎర్రగా పండింది మాత్రమే కొయ్యండి, పచ్చి కలపకండి" అని నాలుగుసార్లు చెప్పించింది. ఆ బొత్తం, నొక్కితే మాట్లాడే బొత్తం, అందరిదీ అయిన చోట్లో పెట్టింది. మిగతా ముగ్గురికీ పనికొస్తాదని.

పెట్టింది అంటే తన కంప్యూటర్లో. పంపలేదు.

మొదటి వారంలోనే అడిగింది నన్ను. జీపు దిగేక మా ఊరికి అరగంట నడక. ఆ దార్లో.

"అమ్మా, నాది నడుస్తంది. వాళ్ళవి ఇంకా మొలకే లేదు. సార్ రోజూ పంపమన్నారు. పంపేనా?"

"నీది ఒక్కర్తిదేనా?"

"ఆఁ."

"మిగతా గుంటలవి కానీ. అందరివీ అయ్యాక కలిపి పెట్టండి. నువ్వొక్కర్తివే ముందు పెడతావేటి?"

అది నిలబడిపోయింది. నేనెందుకంటున్నానో దానికి తెలుసు. ఇంకా గట్టిగా తెలియాలని నేను ఆ మాట కూడా అనేసేను. "మీ నాన్న సంగతి మర్సిపోయేవా?"

మా దగ్గర కొత్తలు తింటారు. సామలు గానీ కొర్రలు గానీ చిక్కుళ్ళు గానీ మామిడి గానీ, కొత్తగా పండింది ఎవరూ ముందు నోట్లో పెట్టకూడదు. మంచి రోజులు చూసే మా పూజారి, దిసారి, రోజు చెప్పాలి. ఊరంతా చేరాలి, దేవతకి పెట్టాలి, అప్పుడు అందరూ కలిసి తినాలి. ఎవరి చేను ముందు పండినా ఆగాల్సిందే. మా ఇంట్లో గింజ లేని ఏడు ఒకటొచ్చింది. ఆ ఏడు చిక్కుళ్ళ కొత్త ఇంకా అవలేదు. నా మొగుడు చేను కాపలాకి గుంటని తీసుకెళ్ళి, అది ఆకలని ఏడిస్తే నాలుగు చిక్కుళ్ళు నిప్పుల్లో కాల్చి పెట్టేడు. తనూ తిన్నాడు. గుంట ఇంటికొచ్చి ఎంత బాగున్నాయో అందరికీ చెప్పింది. ఏడేళ్ళది, దానికేం తెలుసు. ఐదో రోజు ఆయనకి జొరమొచ్చింది. డోలీలో మోసుకెళ్తంటే దార్లోనే పోయేడు. నర్సమ్మ మలేరియా అంది. ఊరు మాత్రం కొత్త ముందు తిన్నాడు అంది. గుంట మీద పడాల్సింది తను తీసుకున్నాడు అని కూడా అంది, దాని ముందే.

ఏది నిజమో నాకు తెలీదు. ఇప్పటికీ తెలీదు. తెలీనప్పుడు ఆగడమే మంచిదని నేను అనుకునేదాన్ని.

"సరేనమ్మా" అంది నా కూతురు.

వినకపోతే బాగుండును. డిగ్రీ చదివిన గుంట, సార్ చెప్పింది తెలిసిన గుంట, నా మాట విన్నాది.

రెండో వారంలో ఇంకోసారి అంది. "వాళ్ళు సగం సగం పంపేత్తన్నారే అమ్మా."

"సగం పెట్టడం ఏటే? అది పండినట్టా? నలుగురివీ పూర్తయ్యేక పెట్టుకోండి. నాలుగు రోజులు ఆగితే ఏం పోతాది?"

"వాళ్ళకి చెప్పనా, నాది అయిపోయింది, మీకోసం ఆగేనని?"

"అలాగంటే గొప్ప చెప్పుకున్నట్టుంటాది. మీ చేలు పండలేదు, నాది పండిందని అరిచినట్టు. ఊరుకో."

ఊరుకుంది. పట్నం నుంచి సారు ఫోన్ చేసి "నీది ఏమీ కనిపించట్లేదు, ఎంతవరకు వచ్చింది" అని అడిగితే, "అవుతంది సార్" అంది. నేను పక్కనే ఉన్నాను. ఎప్పుడో అయిపోయింది అప్పటికి. అయిపోయిందంటే ముందున్నట్టు అవుతుంది కదా, అందుకని అలాగంది. ఆ మాటకి నేను లోపల సంతోషించేను. నా పెంపకం అనుకున్నాను.

ఈలోగా అక్కడ, అందరిదీ అయిన చోట్లో, నొక్కే బొత్తం కావాల్సొచ్చి ముగ్గురూ తలోటీ చేసుకున్నారు. మాది ఉందని వాళ్ళకి తెలీదు. ఉన్న రంగులు మార్చేరు, పేర్లు మార్చేరు. ఇవన్నీ నాకు తర్వాత తెలిసినవి.

ఆఖరి రోజు శుక్రవారం. కింద సంత. పసుపు బస్తాలు, ఎండు చేపలు, గొడుగులు పట్టుకున్న జనం. వాన. సారు పొద్దున బస్సులో దిగేడు తడిసిపోయి. మధ్యాహ్నానికి ముగ్గురివీ అయిపోయేయి. సారు తన రెండు ఫోన్లలోనూ పెట్టి చూపిస్తే చప్పట్లు కొట్టేరు. అప్పుడు నా గుంట నావైపు చూసింది. నేను తలూపేను. ఇప్పుడు పెట్టు అని. నా మనసు ఎంత తేలికయిందో. అందరివీ అయ్యేయి. ఇంక ఏ దోషమూ లేదు.

పంపింది. నెట్టు లేక గంట పట్టింది వెళ్ళడానికే. వెళ్ళేక సారు తన కంప్యూటరు మీదకి వంగేడు. మొహం మారింది.

"ఏం పంపేవు? అన్నీ ఆగిపోయేయి."

నా గుంట పరుగున వెళ్ళింది. తెర మీద ఎర్రటి రాతలు, పైనించి కిందికి పారుతున్నాయి. దాని బొత్తమూ వాళ్ళ బొత్తాలూ ఒకే చోట ఒకదాన్నొకటి తొక్కుతున్నాయంట. మూడు వారాల పని ఒక్కసారి వచ్చి పడితే ఎక్కడ తెగిందో ఎలాగ తెలుస్తాది అన్నాడు సారు. ఇద్దరూ కూర్చుని కుస్తీ పడ్డారు. ఒకటి సరిచేస్తే రెండు తెగుతున్నాయి. మిగతా ముగ్గురూ వెనకాల నిలబడ్డారు. మూడున్నర అయింది. పట్నం నుంచి ఫోను మోగుతోంది.

సారు కుర్చీలో వెనక్కి వాలేడు. "నీది తీసేస్తే మిగతా మూడూ నడుస్తాయి. తీసేస్తున్నాను. ఇంకేం చెయ్యలేను."

"సార్, ఒక్క గంట..."

"గంట లేదు. అసలు ఇది ఎప్పుడు అయింది నీకు?"

"పదిరోజులైంది సార్."

"పదిరోజులా? మరి ఎందుకు పెట్టలేదు? రోజూ పంపమని చెప్పానా లేదా? ఎందుకు దాచుకున్నావు?"

దాచుకున్నావు అన్నాడు. నలుగురికీ పనికొచ్చేది చేసి నలుగురికోసం ఆగినదాన్ని దాచుకున్నావు అన్నాడు.

నా గుంట తల దించుకుంది. మా అమ్మ చెప్పింది అనొచ్చు. అనలేదు. నేను గుమ్మంలో ఉన్నాను, టీ గిన్నె పట్టుకుని. నేనే ఆపేను బాబూ అని నేను అనొచ్చు. నా నోరు రాలేదు. అంత చదువుకున్నోళ్ళ ముందు కొత్తలు, దిసారి, చిక్కుళ్ళు ఎలాగ చెప్పను? నవ్వుతారనుకున్నాను. నన్ను కాదు, దాన్ని. దీనికా ఉద్యోగం అంటారనుకున్నాను. అందుకని టీ పోసేను. గ్లాసులు అందించేను. నాలుగు గంటలకి పట్నం వాళ్ళు తెరలో కనిపించేరు, మూడు యాప్‌లు చూసేరు, బాగున్నాయన్నారు.

ఆ సాయంత్రమే దాని కంప్యూటరు తీసేసుకున్నారు. అందులోది కంపెనీదంట, బయటికి పట్టుకెళ్ళకూడదంట.

తెల్లారి నేనొక్కర్తినే బేగి వెళ్ళేను, సారు బస్సు ఎక్కేలోగా. బస్టాండులో టీ తాగుతున్నాడు. అంతా చెప్పేను. మా ఆయన సంగతితో సహా. నవ్వలేదు. గ్లాసు పక్కన పెట్టేసేడు.

"అమ్మా, ఈ మాట నిన్న ఎందుకు చెప్పలేదు?"

"సిగ్గేసింది బాబూ."

"అది పండాక పెట్టే చోటు కాదమ్మా. అరకొరగా ఉన్నది పెట్టడానికే అది ఉన్నది. పచ్చిదే పెట్టాలి. ఒకరిది ఒకరికి ఎక్కడ తగులుతోందో రోజూ తెలియాలని." తను తలపట్టుకున్నాడు. "నేనైనా సరిగ్గా అడగాల్సింది."

నా ముందే పట్నానికి ఫోన్ చేసేడు. చాలాసేపు బతిమాలేడు, నాకు వినిపిస్తానే ఉంది. పెట్టేసేక చెప్పేడు. ఎవరెప్పుడేం చేసేరో అందులో అంతా రాసి ఉంటాదంట. మొదట చోటు కట్టింది సారు పేరు మీద ఉంది. మిగతా వాళ్ళ కంప్యూటర్లలో నా గుంట కొట్టిందంతా వాళ్ళ పేర్ల మీద ఉంది. నా గుంట పేరు మీద రెండే ఉన్నాయి. అది పంపినది, సారు తీసేసినది.

"వాళ్ళకి కనిపించేది అదేనమ్మా" అన్నాడు. బస్సు ఎక్కేముందు నాకు దణ్ణం పెట్టేడు. ఎందుకు పెట్టేడో.

కొయ్యూరు గుంట విశాఖపట్నం నుంచి ఫోన్ చేసింది ఒకసారి. "పిన్నీ, నా దాంట్లో సగం తనే కొట్టిందని మేనేజర్‌తో సెప్పేను. అయితే ఉద్యోగం తనకిచ్చెయ్యమంటావా అని నవ్వేరు. ఇంక నోరెత్తలేదు పిన్నీ, క్షమించు."

"నీ తప్పేటుందే. మీకు కొత్తల పట్టింపు లేదేటి?"

"మా అమ్మమ్మకి ఉంది పిన్నీ. కంప్యూటరుకి ఎందుకు?"

ఫోను పెట్టేసి పొయ్యిలోకి ఇంకో కట్టె తోసేను.

మా గుంట ఇంకో రెండు చోట్లకి వెళ్ళింది. రెండు చోట్లా ఒకటే అడిగేరంట, నువ్వు చేసింది చూపించు అని. చూపించడానికి ఏమీ లేదు. ఇప్పుడు లోయలో టూరిస్టుల హోటల్లో పక్క గుడ్డలు మార్చే పని చేస్తంది. ఆదివారం కూడా సెలవు లేదు, ఆదివారమే జనం ఎక్కువ. తోటలోంచి బయటపడింది అనుకోవాలంటే అనుకోవచ్చు. ఇంటికొచ్చేక కాళ్ళు బార్లా జాపి గోడకి ఆనుకుని కూర్చుంటాది. నేను ఒకసారి అడిగేను.

"నామీద కోపంగా ఉందా?"

"లేదమ్మా."

"ఉంటే తిట్టీ. కడుపులో పెట్టుకోకు."

"తిడితే ఏటొస్తాది? అన్నం పెట్టు."

కోపం ఉండుంటే బాగుండును. తిట్టేదాన్ని ఎలాగోలా సముదాయించొచ్చు. అది నాతో ఏమీ అనదు. ఇప్పుడు ఏదైనా చెయ్యాలంటే నన్ను అడగదు కూడా.

నేను అక్కడే వంట చేస్తున్నాను. ఇంకెక్కడికి పోను? ఈమధ్య కొత్తగా నలుగురొచ్చేరు. సారు కూడా వేరే ఆయన. మొన్న అన్నం పెడతంటే నా కూతురి పాత కుర్చీలో, కిటికీ దగ్గర కూర్చున్న గుంట, పాడేరు వైపుది, తన కంప్యూటరు నాకు చూపించింది. అందులో పాతదంతా తుడిచేసి ఇచ్చేరు దానికి.

"చూడు పిన్నీ, ఈ మీట మీద అక్షరమే అరిగిపోయింది. ఎవరో తెగ కొట్టినట్టున్నారు. నాకన్నా ముందు ఎవరిది ఇది?"

"తెలీదమ్మా" అన్నాను. "నేను వంటదాన్ని."

అది పళ్ళెం ముందుకి జరిపి ఇంకొంచెం పప్పు వెయ్యమంది. వేసేను.